బుగ్గలు తగ్గితే సూదే మందా?

మొన్న మా అన్నయ్య కూతురు ఫోను ముఖానికి జానెడు దూరంలో పెట్టుకుని, చెంప మీద వేలు ఆనించి, "ఇదిగో బాబాయ్, ఇక్కడ గుంట పడింది. పెళ్లిలోపు గుంట పూడ్చే ఫిల్లర్ సూది వేయించుకోమంటున్నారు" అంది. దానికి పాతికేళ్లు. ముఖంలో కొవ్వు తగ్గితే అప్పుడే వయసు మీద పడినట్టేననీ, దానికి సూదే మందనీ ఇప్పుడు అందరూ నమ్మేస్తున్నారు. ఈ నమ్మకం తప్పు.

బూరెబుగ్గలు ఇరవై దాటాక తగ్గడం ఎదుగుదలలో భాగం. అద్దంలో లేని గుంటను ఫోను చూపిస్తుంది. అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో, ఐదడుగుల నుంచి తీసిన ఫొటోలో కంటే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా పడుతుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. ముక్కు ముందుకొస్తే చెంపలు వెనక్కిపోయినట్టే ఉంటాయి.

చెంపలు నిజంగానే పీక్కుపోతే కారణం వెతకాలి. కడుపు మాడ్చుకునే డైటింగా, థైరాయిడా, షుగరా, క్షయా? ఇవేవీ అడగకుండా సూది అందుకుంటే జబ్బు ఆనవాలును కప్పిపెట్టినట్టే.

ఫిల్లర్లు ఎవరికీ అక్కర్లేదని నేననను. 2004లో మన దేశంలో ఉచిత హెచ్‌ఐవీ చికిత్స మొదలైనప్పుడు వాడిన స్టావుడిన్ అనే మందు చాలామంది బుగ్గల్లో కొవ్వును కరిగించేసింది. ముఖం చూసి జబ్బు పసిగడతారేమోనని కుమిలిపోయినవాళ్లున్నారు. హెచ్‌ఐవీ రోగుల ముఖంలో అలా పోయిన కొవ్వు లోటు పూడ్చడానికే అదే ఏడాది అమెరికా స్కల్ప్‌ట్రా అనే ఫిల్లర్‌కు అనుమతినిచ్చింది. అవసరమంటే అది.

"నచ్చకపోతే కరిగించేయొచ్చు" అనే భరోసా సగం నిజం. హైలురోనిక్ యాసిడ్ ఫిల్లర్‌ను హైలురోనిడేజ్ అనే ఎంజైమ్ కరిగిస్తుంది. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే మాత్రం చర్మం చచ్చుబడవచ్చు, చూపూ పోవచ్చు. ఇది అరుదే, కానీ అలా పోయిన చూపు పూర్తిగా తిరిగిరావడమూ అరుదే. పెళ్లి ఫొటోల కోసం ఇంత ప్రమాదం కొనితెచ్చుకోవాలా?

మా పిల్లను వరండాలో పగటి వెలుగులో నిలబెట్టి, ఐదడుగులు వెనక్కి జరిగి ఫొటో తీశాను. గుంట కనబడలేదు. మీరూ ముందు ఆ పని చేయండి. తర్వాత బరువు చూసుకోండి. కారణం లేకుండా తగ్గుతుంటే ఫిజీషియన్‌ను కలవండి. తగ్గకపోతే చాలావరకు మీ ముఖానికి ఏ లోటూ లేనట్టే.