నిప్పు ఏ పక్కనుంటాది?

సంక్రాంతికి ఊరెళ్తే కనుమ సాయంత్రం అక్కుపల్లి బీచ్‌కి పోవడం మా నలుగురికీ కాలేజీ రోజుల నుంచీ అలవాటు. నలుగురం టెక్కలిలో బీటెక్ వెలగబెట్టినవాళ్ళమే. ఇప్పుడొకడు డల్లాస్, ఒకడు బెంగుళూరు, నేను హైదరాబాద్. నాలుగోవాడు కరోనా టైములో కవిటి వచ్చి ఇంక వెనక్కి వెళ్ళలేదు, ఇంటి నుంచే పని చేసుకుంటున్నాడు. మొన్న పండక్కి చాలా ఏళ్ళ తర్వాత నలుగురం ఒకేసారి దొరికాం.

ఇసకలో కూర్చున్నాక తేలిందేంటంటే, నలుగురిలో ముగ్గురి జేబుల్లో వేప్ ఉంది. ఒకప్పుడు కాశీబుగ్గ బస్టాండు పక్కన ఒక్క సిగరెట్‌ని ముగ్గురం పంచుకున్న బాపతు. ఇప్పుడొకడిది మామిడిపండు వాసన, ఒకడిది పుదీనా, నాది పుచ్చకాయ. ఎదిగాం అన్నమాట :)

ఇంక మొదలైంది చర్చ. మీ ఆఫీసుల్లో టెర్రస్ మీద రోజూ జరిగేదే కాబట్టి కొత్తగా చెప్పక్కర్లేదు. డల్లాస్ వాడు "సిగరెట్ కన్నా తొంభై అయిదు శాతం నయం మావా, ఇంగ్లండ్ గవర్నమెంటే చెప్పింది" అన్నాడు. బెంగుళూరు వాడు "నాలుగేళ్ళయింది మానేసి, ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం లేదు, పొద్దున్నే దగ్గు లేదు, నాకింతకన్నా ప్రూఫ్ ఏం కావాలి" అన్నాడు. నేనేమో 2019లో అమెరికాలో జనం ఊపిరితిత్తులు పాడై చచ్చిపోయారు కదా అని కెలికాను. దానికి వాళ్ళ దగ్గర సమాధానం రెడీ: "అది గంజాయి నూనె కల్తీ వల్ల, నికోటిన్ వల్ల కాదు." ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. చివరికి ముగ్గురం ఎప్పుడూ ఆగే చోటే ఆగాం. "దీర్ఘకాలంలో ఏమవుతుందో ఇంకా ఎవరూ తేల్చలేదు కదా. చూద్దాం."

అప్పటిదాకా నోరు విప్పని కవిటి వాడు అన్నాడు, "మాకూ తేల్చలేదురా."

వాళ్ళ నాన్నగారికి వారానికి మూడు రోజులు డయాలసిస్. ఇంక మేం ముగ్గురం ఏం మాట్లాడతాం?

ఉద్దానం సంగతి బయటివాళ్ళ కోసం రెండు ముక్కల్లో. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... కొబ్బరి, జీడితోటలతో పచ్చగా ఉండే నేల. అక్కడ షుగరు లేనివాళ్ళకీ, బీపీ లేనివాళ్ళకీ కూడా కిడ్నీలు పోతున్నాయి. నీళ్ళా, పురుగుమందులా, నొప్పి మాత్రలా, ఎండలో నీళ్ళు తాగకుండా చేసే పనా, నేలలో ఉన్న సిలికానా అని రెండు దశాబ్దాలకు పైగా పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలుపెట్టారు. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో తెచ్చారు. ఇదీ కారణం అని ఒక్కటి మాత్రం తేలలేదు. అక్కడ పదో తరగతి తప్పినవాడికి కూడా క్రియాటినిన్ అంటే ఏంటో తెలుసు. "నీకెంతుంది?" అని అడిగితే జీతం గురించి కాదు.

అంటే ఒకే వాక్యం, రెండు అర్థాలు. హైటెక్ సిటీలో "ఇంకా తేలలేదు" అంటే "అయితే పర్లేదు" అని. ఉద్దానంలో "ఇంకా తేలలేదు" అంటే నిద్ర పట్టదని. పైగా వాళ్ళు తప్పించుకోవడానికి దేన్ని మానెయ్యాలో కూడా తెలీదు. మనకి తెలుసు, జేబులోనే ఉంది.

సరే, ఇది ఒక పక్క. రెండో పక్క ఇంకా దగ్గరిది, మా ఇంట్లోదే.

మా అమ్మమ్మది వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డు ఊరు. తొంభైకి దగ్గర పడింది. చిన్నప్పటి నుంచీ చుట్ట తాగుతుంది, అదీ అడ్డ పొగ. అంటే చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసి పీల్చడం. చూడనివాళ్ళు నమ్మరు, కానీ శ్రీకాకుళం, విశాఖ ఒడ్డున ఒకప్పుడు ముసలమ్మలందరికీ మామూలు సంగతి. దీనికి వాళ్ళ వాదనలు వాళ్ళకున్నాయి. సముద్రపు గాలికి నిప్పు ఆరదు. బూడిద ఒళ్ళో పిల్లాడి మీద పడదు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, చేపలు ఎండేసుకోవచ్చు. చుట్ట ఎక్కువసేపు వస్తుంది. పంటి నొప్పి రాదు. అమ్మమ్మ, పక్కింటి ముసలమ్మలు అరుగు మీద కూర్చుని ఇవన్నీ చెప్పుకోవడం నా చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో. మగాళ్ళు బయటకి వదిలే పొగ కన్నా తమ పద్ధతే శుభ్రం అని కూడా అనేవారు. బీచ్‌లో మేం ముగ్గురం మాట్లాడిందీ అదే కదా! ఆవిరి, బూడిద ఉండదు, బట్టలకి వాసన రాదు, సిగరెట్ వాళ్ళ కన్నా నయం.

అడ్డ పొగకి చాలాకాలం "నోన్ ఇష్యూస్" ఏమీ లేవు. ఎందుకు లేవంటే లాగింగ్ పెట్టలేదు కాబట్టి. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ డాక్టర్లకి మాత్రం అంగిలి మీద కేన్సర్ ఇక్కడ వచ్చినంతగా వేరే ఎక్కడా రావట్లేదని కనపడుతూనే ఉండేది. తర్వాత 1966 నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళు, ఫాలీ మెహతా గారి బృందం, డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్ గారు కలిసి దేశంలో అయిదు జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి జనం నోళ్ళు తెరిపించి చూశారు. అందులో మన శ్రీకాకుళం ఒకటి. ఇక్కడ చూసింది 10,169 మందిని. వాళ్ళలో నూటికి నలభై మందికి పైగా అడ్డ పొగ వాళ్ళే. 1971లో అచ్చయింది. నోట్లో నిప్పున్నప్పుడు లోపలి గాలి వేడి 120 డిగ్రీల దాకా పోతుందని అంతకు ముందే ఇంకొకరు కొలిచారు. అంగిలి తెల్లబారి మందంగా అవడం, దాని మీద ఎర్రటి చుక్కలు, కొందరిలో అది కేన్సర్‌గా మారడం, అన్నీ అప్పుడు వివరంగా రాతలోకి ఎక్కాయి. ఎన్ని తరాలు తాగాక? బీటా టెస్టింగ్ మొత్తం మన అమ్మమ్మల నోళ్ళలో జరిగింది.

మా అమ్మమ్మకి కేన్సర్ రాలేదు. వాళ్ళ చెల్లెలికి, అంటే మా చిన్నమ్మమ్మకి వచ్చింది. నేను ఏడో తరగతిలో ఉండగా అంగిలికి కన్నం పడింది, తాగిన నీళ్ళు ముక్కులోంచి వచ్చేవి, ఆ వేసవి దాటలేదు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే చుట్ట. ఇప్పుడా వీధిలో ఎవరైనా "అడ్డ పొగ మంచిది కాదంట" అంటే, వెంటనే మా అమ్మమ్మని చూపిస్తారు. "ఆయమ్మకి ఏటయింది? గుండ్రాయినాగ నేదా?" అని. చిన్నమ్మమ్మని చూపించడానికి ఆవిడ లేదు. బెంగుళూరు వాడి "నాకింతకన్నా ప్రూఫ్ ఏం కావాలి" విన్నప్పుడు నాకు ఆ వీధే గుర్తొచ్చింది.

అయితే నేను వేప్‌ని చుట్టతో సమానం చెయ్యట్లేదు. చేస్తే అది అబద్ధమవుతుంది. కాలడం లేదు కాబట్టి తారు లేదు, కార్బన్ మోనాక్సైడ్ లేదు, సిగరెట్ పొగలో ఉండే విషాల్లో చాలావాటి మోతాదు బాగా తక్కువ. సిగరెట్ మానడానికి నికోటిన్ గమ్, ప్యాచ్‌ల కన్నా ఇది ఎక్కువమందికి పని చేసిందని కోక్రేన్ సమీక్షలు కూడా చెప్తున్నాయి. నా గొడవ ఆ 95 మీద. 2013లో ఓ డజను మంది నిపుణులు కూర్చుని, ఒక్కో పొగాకు సరుకుకీ హాని ఇంత అని మార్కులు వేసి తీసిన అంచనా నుంచి వచ్చింది అది. 2014లో అచ్చయింది, 2015లో పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ దాన్నే వాడుకుంది. ల్యాబ్‌లో కొలిచిన లెక్క కాదు, మన ప్రాజెక్టు ఎస్టిమేట్ లాంటిది. మన ఎస్టిమేట్లు ఎంత కరెక్టుగా వస్తాయో నేను చెప్పాలా?

ఆ అంచనా నిజమే అనుకుందాం. అది ఏ సరుక్కి? ఇంగ్లండ్‌లో నికోటిన్ మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు, అమ్మే ముందు అందులో ఏముందో ప్రభుత్వానికి చెప్పాలి. మన దగ్గర? 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్, డిసెంబరులో చట్టం. తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నేరం, మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలో లక్ష దాకా జరిమానాయో, లేక రెండూనో. తాగేవాడి మీద మాత్రం ఆ చట్టంలో శిక్ష లేదు. సిగరెట్ యథాతథం, ఏ పాన్ షాపులోనైనా దొరుకుతుంది. ఎక్కువ హాని చేసేది కౌంటర్ మీద, తక్కువ చేస్తుందేమో అనుకునేది కౌంటర్ కింద పెట్టడం ఏ రకం తెలివో నాకైతే అర్థం కాలేదు. కానీ దాన్ని తిట్టుకుంటూ కౌంటర్ కింద నుంచి కొనుక్కునే మన తెలివేంటి? నా పుచ్చకాయ డబ్బా మీద రాసుంది చదివాను. 50 మిల్లీగ్రాములు, ఇన్ని వేల పఫ్‌లు, మెరిసే బొమ్మ. చేసినవాడి అడ్రసు లేదు, తేదీ లేదు, బ్యాచ్ నంబరు లేదు. పలాసలో జీడిపప్పు పావుకిలో ప్యాకెట్ మీద ఇంతకన్నా ఎక్కువ రాసుంటుంది.

అమెరికా సంగతి కూడా ఇక్కడే చూడాలి. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రిలో చేరడమో చనిపోవడమో జరిగింది, చనిపోయింది 68 మంది. ప్రధానంగా దొరికిన కారణం విటమిన్ ఈ ఎసిటేట్, గంజాయి నూనెని చిక్కగా కనిపించేలా చెయ్యడానికి కలిపిన సరుకు. "అది నికోటిన్ కాదు కదా" అని మావాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. నాకు అందులో కనిపించేది వేరు. ఆ సరుకు చాలావరకు వచ్చింది దొంగదారిలో, ఎవడు కలిపాడో తెలియని చోట నుంచి. మన దేశంలో దొరికేది మొత్తం అదే దారి కదా.

ఇంకోటి, పైకి చెప్పుకోనిది. బెంగుళూరు వాడిలా నేను సిగరెట్ పూర్తిగా మానలేదు. రిలీజ్ ఉన్న రాత్రి రెండూ నడుస్తాయి. ఇదివరకు సిగరెట్ కోసం కిందకి దిగాలి, ఇప్పుడు మీటింగులో మ్యూట్ నొక్కి లాగొచ్చు. కాబట్టి లోపలికి పోయే నికోటిన్ తగ్గిందా పెరిగిందా అంటే నా దగ్గర లెక్క లేదు. "నయం" అనే మాట, సిగరెట్ వదిలేసి పూర్తిగా ఇటు మారినవాడిదే. నాలాంటి వాడు దాన్ని అరువు తెచ్చుకుంటున్నాడు.

ఆ టాటా వాళ్ళు తర్వాత ఊరికే కూర్చోలేదు. మళ్ళీ అవే ఇళ్ళకి వెళ్ళి, మనిషి మనిషికీ నోరు చూపించి చెప్పారు, సినిమాలు వేశారు. మూడు జిల్లాల్లో కలిపి 36,000 మందితో చేసిన ఆ పని 1986లో లాన్సెట్‌లో వచ్చింది. చెప్పించుకోనివాళ్ళ కన్నా చెప్పించుకున్నవాళ్ళలో ఎక్కువమంది మానడమో తగ్గించడమో చేశారు, కొత్తగా నోట్లో మచ్చలు రావడం తగ్గింది. చట్టం కాదు, జైలు కాదు. ఎవరో ఇంటికొచ్చి అద్దం పట్టుకున్నారు. మా అమ్మమ్మ మాత్రం మానలేదు, అది వేరే సంగతి.

ఆ రాత్రి బీచ్ నుంచి అమ్మమ్మ ఇంటికి వెళ్ళాను. చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తుంటే జేబులోంచి డబ్బా కింద పడింది. అమ్మమ్మ తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేటిరా బావూ?"

"సిగరెట్ లాంటిదే అమ్మమ్మా, కరెంటుది."

"నిప్పు ఏ పక్కనుంటాది?"

"నిప్పుండదు. పొగ కాదు, ఆవిరి."

"నిప్పు నేకండా వత్తాదేటి?" అని నవ్వింది. కాసేపాగి, "మంచిదేనేటి?" అంది.

తెలీదన్నాను. నీ అంగిలి చూపించమన్నాను. ఎప్పుడూ చూపించదు, ఆ రోజు ఏమనుకుందో నోరు తెరిచింది. ఫోన్ టార్చ్ వేశాను. తెల్లగా, బీటలు వారిన సున్నం గోడలా ఉంది, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు. పుస్తకంలో రాసినట్టే.

ఫోను నా చేతిలోంచి తీసుకుంది. "ఇప్పుడు నీది సూపించు" అంది. నోరు తెరిచాను. కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది.

"ఏటీ అగుపడ్నేదురా" అంది.