ఆగినందుకు ఓడినవాళ్ళు

2009లో ఒక అమెరికన్ యువతి మూత్రానికి వెళ్ళినందుకు పది లక్షల డాలర్ల పోటీలో ఓడిపోయింది. ఈ మాట చెప్పినప్పుడల్లా వినేవాళ్ళు ముందు నవ్వుతారు. మగవాళ్ళు కాస్త ఎక్కువసేపు నవ్వుతారు. ఆడవాళ్ళ నవ్వు మాత్రం మధ్యలో ఆగిపోతుంది. ఎందుకు ఆగిపోతుందో చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ పోటీ పేరు 'ది అమేజింగ్ రేస్'. 2001 సెప్టెంబర్‌లో సీబీఎస్ అనే అమెరికన్ ఛానెల్లో మొదలైంది. భార్యాభర్తలు, ప్రేమికులు, అన్నదమ్ములు, తల్లీకొడుకులు, స్నేహితులు జంటలు జంటలుగా దేశదేశాలు తిరుగుతారు. వెళ్ళిన చోట ఏదో ఒక పని అప్పగిస్తారు. అది పూర్తిచేస్తే తర్వాత ఎక్కడికెళ్ళాలో రాసిన కాగితం చేతికొస్తుంది. మళ్ళీ పరుగు. ప్రతి మజిలీ చివరా నేలమీద ఒక చాప పరిచి ఉంటుంది. జంటలో ఇద్దరూ కలిసి దానిమీద నిలబడితేనే చేరినట్టు లెక్క. చిట్టచివర వచ్చినవాళ్ళు సాధారణంగా ఇంటిదారి పట్టాల్సిందే.

కీషా, జెన్ అనే నల్లజాతి అక్కచెల్లెళ్ళు 14వ సీజన్‌లో ఆడారు. ఎన్నో దేశాలు దాటి బీజింగ్ దాకా వచ్చారు. ఇంకొక్క గండం గడిస్తే ఫైనల్. చాప దగ్గరపడుతుండగా జెన్ ఇక ఆపుకోలేక మరుగుదొడ్డికి వెళ్ళింది. ఆమె బయటికొచ్చేదాకా కీషా ఉండాల్సిందే, ఒక్కతే పరుగెత్తి లాభం లేదు. ఈలోపు వెనకున్నవాళ్ళు దాటి వెళ్ళిపోయారు. ఫైనల్‌కి మూడు జంటలే వెళతాయి. వీళ్ళది నాలుగో స్థానం.

ఒక సెమినార్లో టీ తాగుతూ ఈ సంగతి చెప్తే సాటి అధ్యాపకుడొకాయన తేలిగ్గా తీసిపారేశాడు. "అది ప్లానింగ్ లోపమండీ. నియమాలు అందరికీ ఒకటే కదా" అన్నాడు. ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. నియమాలు అందరికీ ఒకటే అన్నది నిజమే. మూత్రానికి వెళ్ళకూడదని ఏ నియమమూ లేదు. గడియారం మాత్రం నడుస్తూనే ఉంటుంది, అంతే. నిషేధించకుండానే శిక్షించడం ఎంత సులువో చూడండి! ఆ గడియారాన్ని ఎవరి శరీరాన్ని దృష్టిలో పెట్టుకుని తిప్పారన్న ప్రశ్నకి 'అందరికీ ఒకటే' అన్న మాట దగ్గర జవాబు లేదు. గోడవైపు తిరిగి నిలబడితే అరనిమిషంలో తీరిపోయే అవసరం ఒకరిది. తలుపు, గడియ, చీకటి, కాపలా, నీళ్ళు, నెలసరి రోజులైతే గుడ్డ మార్చుకునే చోటు, ఇన్ని కుదిరితేగాని తీరనిది ఇంకొకరిది. రెండింటికీ ఒకే గడియారం పెట్టి దానికి సమానత్వం అని పేరు పెట్టారు.

మగవాడికి ఈ ఇబ్బంది వచ్చినప్పుడు చరిత్ర ఎలా స్పందించిందో కూడా గుర్తుచేసుకోవాలి. 1909లో ఒఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు సాహిబ్‌గంజ్ రైల్వే కార్యాలయానికి ఒక ఉత్తరం రాశాడు. పనసపండు తిని కడుపుబ్బి స్టేషన్లో దొడ్డికి కూర్చుంటే గార్డు ఈల ఊదేశాడని, ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో పంచె పట్టుకుని పరుగెత్తి అందరిముందూ పడిపోయానని, గార్డుకి జరిమానా వెయ్యాలని ఆయన ఫిర్యాదు. మన రైళ్ళలో కిందితరగతి పెట్టెలకు మరుగుదొడ్లు రావడానికి ఆ ఉత్తరమే కారణమని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఢిల్లీ రైలు మ్యూజియం చూసివచ్చినవాళ్ళు దాని గురించి ముచ్చటగా చెప్తారు. సేన్‌గారి మీద నాకు కోపమేమీ లేదు, ఆయన బాధ నిజమైనదే. కానీ ఆయన ఆ సంగతి రాయగలిగాడు. పడిపోవడం ఆయనకి అవమానమైంది గాని అప్రతిష్ఠ కాలేదు. అదే స్టేషన్లో అదే రోజు కడుపు బిగబట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు ఏ ఉత్తరం రాసి ఉంటారు?

నేను మాత్రం ఏం రాశాను గనక! నా పిహెచ్‌డి తెలుగు యాత్రాసాహిత్యం మీద. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యతో మొదలుపెట్టాను. ఇంగ్లండు వెళ్ళివచ్చి అక్కడి విశేషాలు రాసిన పోతం జానకమ్మకి (ఆమె పుస్తకం ఇంగ్లీషులో 1876లో వచ్చింది) ఒక అధ్యాయమే కేటాయించాను. చలనశీలత, స్థలం, చూపు, స్వీయం అంటూ మూడువందల పేజీలు నింపాను. అందులో మరుగుదొడ్డి అన్న మాట ఒక్కచోట కూడా లేదు. ఆ థీసిస్ కోసం గ్రంథాలయాల వెంట తిరిగిన ఐదేళ్ళూ నేను మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగకుండా గడిపాను. రెండుసార్లు మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ వచ్చి జ్వరంతో పడుకున్నాను. అది నా ఆరోగ్య సమస్య అనుకున్నానే తప్ప నా పరిశోధనాంశం అనుకోలేదు.

డాక్టరేట్ వచ్చిన ఏడాది ఒక కాలేజీలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ పడింది. రాత్రి బస్సు. సాయంత్రం నుంచే నీళ్ళు మానేశాను. అయినా అర్ధరాత్రి దాటేసరికి పొత్తికడుపు రాయిలా అయింది. డ్రైవర్ దగ్గరికి వెళ్ళి అడిగాను. "గంటల దాబా వస్తది మేడం" అన్నాడు. గంట దాటింది, దాబా రాలేదు. అంతకుముందు డీజిలు కోసం ఆపినప్పుడు మగవాళ్ళు దిగి రోడ్డుపక్కన వరసగా నిలబడి, వచ్చి కూర్చున్నారు. మాకది ఆగడమే కాదు. మళ్ళీ లేచి వెళ్ళి అడిగాను. ఈసారి బస్సంతా వినబడింది. ఎవరో విసుక్కున్నారు. ఎవరో "ఈ లేడీస్‌తోటి" అన్నారు.

బస్సు ఆగింది. నేను దిగుతుంటే నా వెనకసీట్లోంచి ఒక పెద్దావిడ కూడా లేచింది. "నడు బిడ్డా, నాగ్గూడ పోవాలె. ఇంతసేపు అడగనీకి సిగ్గయింది" అంది. తుమ్మచెట్ల వెనక ఆమె చీరకొంగు చాచి నాకు అడ్డం నిలబడింది. తర్వాత నేను నా చున్నీతో ఆమెకు అడ్డం నిలబడ్డాను. లైట్లు వేసుకుని ఒక లారీ వస్తే ఇద్దరం వీపులు తిప్పాం. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆమె పేరు అడగలేదు నేను. మర్నాడు ఇంటర్వ్యూలో నన్నడిగిన మొదటి ప్రశ్న: "స్త్రీల యాత్రానుభవంలోని ప్రత్యేకత ఏమిటి?" నేను జానకమ్మ గురించి చెప్పాను. తుమ్మచెట్ల గురించి చెప్పలేదు.

కీషా, జెన్ కథకి రెండో భాగం ఉంది. 2011లో అదే పోటీ 18వ సీజన్‌కి పాత సీజన్లలో ఓడిన 11 జంటల్ని తిరిగి పిలిచారు. సీజన్ పేరు 'అన్‌ఫినిష్డ్ బిజినెస్'. మిగిలిపోయిన పని అన్నమాట. (ఆడవాళ్ళకి పని మిగలనిదెప్పుడు గనక!) నేనప్పుడు ఎం.ఏ. చదువుతూ హైదరాబాదులో హాస్టల్లో ఉండేదాన్ని. మా టీవీ గదిలో ఏఎక్స్ఎన్ వచ్చేది. ఆ ఏడాది మే నెలలో ఫ్లోరిడాలో ఆఖరి చాప మీద ఈ అక్కచెల్లెళ్ళే ముందు నిలబడ్డారు. గదిలో అందరం అరిచాం. బీజింగ్ సంగతి అప్పటికి మాకు తెలియదు. పాత ఎపిసోడ్లు తర్వాతెప్పుడో చూశాను. అంతకు ఐదు నెలల ముందే, 2010 డిసెంబర్‌లో, నాట్, కాట్ అనే ఇద్దరు మహిళా డాక్టర్లు 17వ సీజన్ గెలిచారు. ఇద్దరు ఆడవాళ్ళ జంట గెలవడం అదే మొదటిసారి. అంతకుముందు పదహారు సీజన్లలో ఆరుసార్లు మగ జంటలు, తొమ్మిదిసార్లు ఆడా మగా కలిసిన జంటలు గెలిచాయి. నలుగురేసి పోటీపడ్డ ఒక సీజన్‌ని ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ళ తోబుట్టువు గెలుచుకున్నారు. పదిహేడో సీజన్ దాకా ఇద్దరు ఆడవాళ్ళకి ఆ చాప అందలేదు.

ఇలా గెలిచినప్పుడల్లా ఒక ముగింపు సిద్ధంగా ఉంటుంది. "చూశారా, పట్టుదల ఉంటే ఆడవాళ్ళయినా గెలుస్తారు!" నా పోట్లాట ఈ వాక్యంతోనే. ఈ వాక్యం గెలుపుని పొగుడుతున్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఓటమిని చెరిపేస్తుంది. రెండోసారి గెలిచారు కాబట్టి మొదటిసారి ఓడటం వాళ్ళ లోపమే అన్న అర్థం అందులో దాక్కుని ఉంది. ఆ గెలుపు నాకూ ఇష్టమే, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ రెండేళ్ళ మధ్యలో మారినదేమిటి? గడియారం మారలేదు. చాప మారలేదు. వాళ్ళిద్దరూ ఇంకా వేగంగా పరుగెత్తారు. ఆడవాళ్ళు ఎక్కువ మూల్యం చెల్లించి గెలిస్తే ఆ మూల్యం న్యాయమైనదని రుజువైపోతుందా?

అదే సీజన్‌లో ఇంకొక దృశ్యం ఉంది. పోటీ కాశీకి వచ్చింది. అక్కడ జంటలు ఎంచుకోవడానికి ఇచ్చిన రెండు పనుల్లో ఒకటి పేడతో పిడకలు చెయ్యడం. మా అమ్మమ్మ చేసిన పనే. పేడలో ఊక కలిపి, మడమతో తొక్కి, ముద్దలు చేసి గోడకి కొట్టేది. ఆమె వేళ్ళ గుర్తులు ఎండిన పిడకల మీద మిగిలేవి. అమ్మమ్మది సొంత గేదె, సొంత గోడ. ఊరికి అవతల నుంచి వచ్చి ఆసామి దొడ్లో పేడ ఎత్తే దళిత స్త్రీకి ఆ గోడా లేదు, ఆ పిడకా లేదు. ఆమె చేతిమీది పేడ ఆమె కులానికి గుర్తు. అదే పేడ పోటీదారు చేతికి అంటితే సాహసం. ఒకరికి పుట్టుకతో వచ్చే పని ఇంకొకరికి ఒక పూట పరీక్ష. పరీక్ష ముగిశాక వాళ్ళు చేతులు కడుక్కుని విమానం ఎక్కారు. రోజూ ఆ పని చేసేవాళ్ళకి మాత్రం ఏ చాపా లేదు, ఏ గెలుపూ లేదు. గెలిచిన నల్లజాతి స్త్రీలని చూసి మురిసిపోయే నా స్త్రీవాదం ఆ గోడ దగ్గర ఆగకపోతే అది సగం స్త్రీవాదమే. ఆగితే ఓడిపోతామని ఆట మనకి నేర్పుతుంది. ఆటలో మనం ఎంత లీనమయ్యామంటే చూస్తున్న మనం కూడా ఆగం.

ఇదంతా ఎక్కడో అమెరికా టీవీ గొడవ అనుకోనక్కర్లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకి బస్సు ప్రయాణం ఉచితమైంది. దాన్ని వెక్కిరించేవాళ్ళతో నేను కలవను. టికెట్టు డబ్బుల కోసం మొగుణ్ణి అడగనక్కర్లేకపోవడం ఎంత పెద్ద విషయమో ఆడవాళ్ళకే తెలుసు. కానీ ప్రయాణం అంటే ఎక్కడం, దిగడం మాత్రమే కాదు, మధ్యలో ఆగడం కూడా. ఎక్కే హక్కు వచ్చింది. ఆగే హక్కు ఇంకా రాలేదు. నీళ్ళ సీసా బ్యాగులో పెట్టుకుని, మూత తియ్యకుండా ఊరు చేరే ఆడవాళ్ళు ఈ రాత్రి కూడా బస్సుల్లో ఉన్నారు.

మరి మన సంగతి? ఈ పత్రిక చదివే మనం, రాసే మనం, సదస్సులు పెట్టే మనం? 'స్త్రీలు - చలనశీలత' అన్న అంశం మీద రెండురోజుల జాతీయ సదస్సుకి నేనూ వెళ్ళాను, పత్రం సమర్పించాను. ఆ భవనంలో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో రెండోరోజు మధ్యాహ్నానికి తెలిసింది. నిర్వాహకుల్లో ఆడవాళ్ళున్నారు. వక్తల్లో ఎక్కువమంది ఆడవాళ్ళమే. ఒక్కరం వేదికమీద ఆ మాట ఎత్తలేదు. శరీరం గురించి మాట్లాడాం, దేహరాజకీయాల గురించి మాట్లాడాం, మాట్లాడినంతసేపూ కాలు మీద కాలు వేసుకుని బిగబట్టుకుని కూర్చున్నాం.

జంట అన్న మాటకి ఆ పోటీ ఇచ్చే అర్థం కలిసి పరుగెత్తేవాళ్ళు అని. నాకు తెలిసిన జంట వేరు. స్కూల్లో "నాతో వస్తావా?" అని అడిగితే లేచివచ్చి విరిగిన తలుపు బయటినుంచి పట్టుకున్న నేస్తం, తుమ్మచెట్ల వెనక కొంగు చాచిన ఆ పెద్దావిడ. ఒకరి కోసం ఇంకొకరు ఆగినవాళ్ళు. బీజింగ్‌లో కీషా కూడా అదే పని చేసింది. లక్షల డాలర్లు జారిపోతున్నా తలుపు దగ్గర నిలబడింది. ఆ సీజన్ మొత్తంలో నాకు నచ్చిన దృశ్యం అదే. లెక్కల్లో మాత్రం దాన్ని ఓటమి కింద రాశారు.

ఆ లెక్క ఒప్పుకోనని చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. నా థీసిస్ పుస్తకంగా తేవాలని ఒక ప్రచురణకర్త అడుగుతున్నారు. ఇంకొక అధ్యాయం రాసి ఇస్తానన్నాను. దానికి ఆధార గ్రంథాలు లేవు, మీరే ఉన్నారు. ఏ ఊరి దారిలో, ఏ బస్సులో, ఏ కాలేజీలో ఎంతసేపు బిగబట్టుకున్నారో, మీకు అడ్డం నిలబడిందెవరో రాసి పంపండి. సిగ్గయితే పేరు రాయకండి. ఊరి పేరు మాత్రం తప్పకుండా రాయండి.