విద్యార్థుల మతాచరణలకు వెసులుబాటు: అధ్యాపక మండలి తీర్మానం

మతాన్ని ఆచరించే స్వేచ్ఛను రాజ్యాంగం 25వ అధికరణం అందరికీ ఇచ్చినందున. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండరాదని 28వ అధికరణం చెబుతున్నందున. జాతీయగీతం పాడకుండా మర్యాదగా నిలబడిన ముగ్గురు యెహోవా సాక్షుల పిల్లలను కేరళలో బడి నుంచి తీసివేయడం చెల్లదని సుప్రీంకోర్టు 1986లో తీర్పునిచ్చినందున. మన ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో మాత్రం నమాజుకైనా మాలధారణకైనా అనుమతి ఇంతవరకు ఆ గంటలో పాఠం చెబుతున్నవారి ఇష్టాన్ని బట్టి నడుస్తున్నందున, ఈ మండలి ఇలా తీర్మానిస్తున్నది.

శుక్రవారం భోజన విరామం కళాశాల మొత్తానికీ ఒంటిగంట నుంచి రెండు గంటల వరకు ఉంటుంది. జుమా నమాజుకు వెళ్లేవారు ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.

రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. అయ్యప్ప మండల దీక్ష నవంబరు మధ్యలో మొదలై 41 రోజులు సాగుతుంది. ఇంటర్నల్ పరీక్షల తేదీలు వేసేటప్పుడు పరీక్షల కమిటీ ఈ రెండింటినీ, గుడ్ ఫ్రైడే వారాన్నీ చూసుకోవాలి. పండుగ వల్ల ఇంటర్నల్ తప్పినవారికి రెండు వారాల్లోగా మళ్లీ పెట్టాలి. అర్జీ వారం ముందు ఇవ్వాలి. నెలవంక కనబడితే గాని తేలని ఈద్‌కు ఈ గడువు వర్తించదు. ఇమాము, పాస్టరు, గురుస్వామి ఎవరి దగ్గర నుంచీ ఉత్తరం తెమ్మనరాదు. నిజంగా ఉపవాసం ఉన్నారా లేదా అని ఆరా తీయడం అధ్యాపకుల పని కాదు. విశ్వవిద్యాలయం విధించిన 75 శాతం హాజరు నిబంధనను సడలించే అధికారం మాత్రం ఈ మండలికి లేదు.

ఎక్కువ చర్చ జరిగింది ప్రయోగశాల గురించే. మాల వేసుకున్నవారు చెప్పులు తొడగరు. రసాయన శాల నేల మీద ఆమ్లం చుక్కలు, పగిలిన పరీక్షనాళికల గాజుముక్కలు ఉంటాయి. 25వ అధికరణం స్వేచ్ఛను ఆరోగ్యానికి లోబరచే ఇచ్చింది. కాబట్టి వట్టికాళ్లతో ఎవరినీ లోపలికి అనుమతించరాదు. అలాగని ప్రాక్టికల్ మార్కులు కోయరాదు. దీక్షలో ఉన్నవారి ప్రయోగాలను మాల విరమణ తర్వాతి బ్యాచ్‌కు మార్చాలి. హిజాబ్ ధరించినవారు బర్నర్ దగ్గర కొసలు లోపలికి దోపుకుంటే చాలు. హిజాబ్‌పై సుప్రీంకోర్టు ధర్మాసనం 2022 అక్టోబరు 13న భిన్న తీర్పులిచ్చింది. తుది మాట వచ్చేదాకా మన తరగతి గది తలుపు దగ్గర తగాదా పెట్టుకోనక్కర్లేదని మండలి భావిస్తున్నది. మాల వేసుకున్నవారి నల్ల బట్టలకూ ఇదే వర్తిస్తుంది.

హాస్టల్ మెస్సులో రంజాన్ నెలలో సహర్‌కు తెల్లవారుజామున అన్నం పెట్టాలి. పగటి భోజనం మానినందుకు బదులుగా ఇఫ్తార్ సమయానికి పండ్లు, అల్పాహారం ఇవ్వాలి. అదనపు రుసుము వసూలు చేయరాదు. దీక్షాకాలంలో ఉల్లి, వెల్లుల్లి లేని కూర ఒకటి వేరే గిన్నెలో వండాలి.

ప్రార్థన గది కావాలన్న వినతిని మండలి అంగీకరించలేదు. తరగతులకే గదులు చాలడం లేదు. ఒక మతానికి ఇచ్చి మరొకదానికి లేదనడం కుదరదు.

శుక్రవారం విరామం మార్పుతో మధ్యాహ్నం ప్రాక్టికల్స్ కుదించుకుపోతాయని భౌతికశాస్త్ర విభాగం అభ్యంతరం నమోదు చేసింది. ఆ ఒక్క అంశాన్ని సెమిస్టరు చివర సమీక్షించాలని, మిగిలినవి వచ్చే కాలపట్టిక నుంచి అమలు చేయాలని, సెమిస్టరు పరీక్షల తేదీలపై ప్రిన్సిపాల్ విశ్వవిద్యాలయ పరీక్షల నియంత్రణాధికారికి లేఖ రాయాలని తీర్మానించడమైనది.