అడగందే అమ్మైనా పెట్టదు, బ్యాంకు పెడుతుందా?

తమ్ముడూ, చెల్లెమ్మా! ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు నువ్వొక బ్యాంకులో బల్ల ముందు కూర్చుంటావు. పక్కన నాన్న. ఆయన ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ జిరాక్సులు. ఆఫీసరు కాగితాల కట్ట తిప్పుతూ "ఇక్కడ సంతకం, ఇక్కడ, ఇంకోటి ఇక్కడ" అంటాడు. నాన్న పెడతాడు. నువ్వూ పెడతావు. మూడు గంటల్లో 160 ప్రశ్నలు చదివి ఈఏపీసెట్ గట్టెక్కిన నువ్వు, పదిహేనేళ్లు వెంట నడిచే ఆ కాగితంలో ఒక్క పేరా కూడా చదవవు.

ఆ పేరాల్లో నీ డబ్బుంది. దాన్ని తెచ్చుకోమని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మన ఊళ్లలో వడ్డీని శాతాల్లో చెప్పరు, రూపాయల్లో చెబుతారు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు అడిగే 10 శాతం మన లెక్కలో నూటికి 83 పైసలే. అయినా బ్యాంకు మెట్లెక్కడానికి మొహమాటపడి, ప్రోనోటు రాసి రెండు రూపాయలకు తెచ్చే నాన్నలు ఎంతమంది! పిల్లల చదువు ఆగకూడదన్న ఆత్రం వాళ్లది. ఆ ఆత్రానికి లెక్క నేర్పాల్సింది నువ్వు. నీ ఇంట్లో ఇంగ్లిష్ ఫారం చదవగలిగిన మొదటి మనిషివి నువ్వే అయితే, ఆ బాధ్యత మరీ నీదే.

మొదట పొలం సంగతి. పాసుపుస్తకం కవరులోంచి తీయకముందే అడుగు: "సార్, విద్యా రుణాల గ్యారంటీ పథకం కింద ఏడున్నర లక్షల దాకా తాకట్టు లేకుండా ఇవ్వవచ్చు కదా?" ఆ గ్యారంటీ కింద ఇచ్చే అప్పుకు భూమి తాకట్టూ అక్కర్లేదు, బయటివాళ్ల జామీనూ అక్కర్లేదు. రెండెకరాల కాగితాలు బీరువాలోనే ఉండవచ్చు.

తర్వాత వడ్డీ. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం విద్యాలక్ష్మి పథకానికి ఆమోదం తెలిపింది. దేశంలో ఎంపిక చేసిన నాణ్యమైన విద్యాసంస్థల్లో (మొదట్లో ఇవి 860) సీటు తెచ్చుకున్న పిల్లలకు ఇది. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్పో వడ్డీ రాయితీయో లేకపోతే, 10 లక్షల దాకా అప్పు మీద, వాయిదాలు మొదలుకాని మారటోరియం కాలానికి 3 శాతం వడ్డీని ప్రభుత్వమే భరిస్తుంది. అయితే ఏటా కొత్తగా లక్ష మందికే. ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండి, గుర్తింపు ఉన్న కాలేజీలో సాంకేతిక, వృత్తి విద్యా కోర్సు చదివేవాళ్లకు 2009 నుంచీ ఉన్న పథకంలో ఆ కాలపు వడ్డీ మొత్తం మాఫీ. ఈ రెండూ మన దేశంలో చదివేవాళ్లకే. విదేశాలకు వెళ్లేవాళ్లు వీటి మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇవేవీ వెతుక్కుంటూ నీ ఇంటికి రావు. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు నువ్వే పెట్టాలి. ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవకో గ్రామ సచివాలయానికో ముందుగా నువ్వే వెళ్లాలి. కౌన్సెలింగ్ రోజు పరుగెత్తితే తహసీల్దారు సంతకం నీకోసం పరుగెత్తుకు రాదు.

అమ్మాయిలూ, మీకింకో మాట. స్టేట్ బ్యాంకు సహా పలు ప్రభుత్వ బ్యాంకులు ఆడపిల్లల చదువు అప్పు మీద అర శాతం వడ్డీ తగ్గిస్తాయి. మంజూరు పత్రంలో ఆ అర శాతం తగ్గిందో లేదో వేలు పెట్టి చూసుకోండి. పది లక్షల మీద అది ఏడాదికి ఐదు వేలు.

ఇప్పుడు అసలు లెక్క. నోటుపుస్తకం తెరువు. 10 లక్షలు ఒకేసారి తీసుకున్నావనుకో. వడ్డీ 10 శాతం. రెండేళ్ల కోర్సు, ఆపైన ఏడాది గడువు. ఈ మూడేళ్లూ నడిచేది బారువడ్డీ: ఏడాదికి లక్ష, మొత్తం 3 లక్షలు. "ఇప్పుడు కట్టక్కర్లేదు" అన్న మాట విని నువ్వు హాయిగా ఉంటే, వాయిదాలు మొదలయ్యే రోజున ఆ 3 లక్షలూ అసలులో కలుస్తాయి. వడ్డీకి వడ్డీ పుట్టేది అక్కడే. 13 లక్షలకు పదేళ్ల వాయిదా నెలకు సుమారు 17,180 రూపాయలు. చివరికి కట్టేది 20 లక్షల 61 వేలు.

అదే, చదివే రోజుల్లో నెలకు 8,333 రూపాయల వడ్డీ ఎప్పటికప్పుడు కట్టావనుకో. అసలు 10 లక్షల దగ్గరే నిలుస్తుంది. పైగా ఇలా కట్టుకొచ్చినవాళ్లకు బ్యాంకులు 1 శాతం రాయితీ ఇవ్వవచ్చని బ్యాంకుల సంఘం విద్యా రుణ నమూనా పథకంలోనే రాసి ఉంది. "ఇవ్వవచ్చు" అన్న మాట గట్టిగా పట్టుకో. అడిగినవాళ్లకే అది అక్కరకొచ్చే మాట. ఆ రాయితీ దొరికితే వాయిదా 12,670 రూపాయల దగ్గరకు దిగుతుంది. ముందు కట్టిన 3 లక్షలు కలుపుకున్నా మొత్తం 18 లక్షల 20 వేలు. మిగిలింది 2 లక్షల 40 వేలు! నెలకు ఎనిమిది వేలు మీ ఇంటికి బరువైతే నాలుగు వేలు కట్టు. కట్టినంత మేరా అసలులో కలవదు.

ఉద్యోగం వచ్చాక మరో తలుపు ఉంది. విద్యా రుణం మీద కట్టిన వడ్డీ మొత్తానికి ఆదాయపు పన్నులో మినహాయింపు. అందరూ 80ఇ అని పిలిచేది ఇదే. పరిమితి లేదు. కానీ పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది, వడ్డీ కట్టడం మొదలైన ఏడాది నుంచి ఎనిమిదేళ్లే. ప్రోనోటు వడ్డీకి ఈ మినహాయింపు రాదు. అప్పు అవసరానికే కాదు, రాయితీకి కూడా బ్యాంకు గడపే దిక్కు.

చేతిలో నాలుగు రాళ్లు ఆడినప్పుడు అప్పు ముందే తీర్చు. చలన (ఫ్లోటింగ్) వడ్డీతో వ్యక్తులు తీసుకున్న అప్పును ముందుగా తీరిస్తే జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. మొదటి జీతంతో ఫోను మార్చకు, అసలులో ఒక ముక్క కొట్టు.

ఈ అడిగే అలవాటు సముద్రం దాటినా పనికొస్తుంది. అమెరికాలో పుట్టి పెరిగిన మన వాళ్ల పిల్లలు అక్కడి ఫెడరల్ రుణం తీసుకుంటే, వాయిదా ఖాతాలోంచి దానంతటదే వెళ్లేలా పెట్టుకున్నందుకు పావు శాతం వడ్డీ తగ్గుతుంది. ఇక్కడి నుంచి అప్పు తీసుకుని అక్కడికి వెళ్లేవాళ్లకూ ఒక ఊరట ఉంది: బ్యాంకులాంటి గుర్తింపు ఉన్న సంస్థల అప్పుతో ఫీజు పంపితే, 2025 ఏప్రిల్ 1 నుంచి మూలం దగ్గర పన్ను వసూలు (టీసీఎస్) లేదు.

ఇవన్నీ అడిగితే బ్యాంకువాళ్లు "కుదరదు" అంటారా? అనవచ్చు. అప్పుడు గొంతు పెంచకు, కాగితం అడుగు. ఎందుకు కుదరదో రాసిమ్మను. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులు ఆగు. జవాబు రాకపోయినా, వచ్చింది సబబుగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఆ ఫిర్యాదుకు ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

నేర్చుకున్నది నీ దగ్గరే దాచుకోకు. హాస్టల్ గదిలో ఒక ఆదివారం సాయంత్రం చాలు. ఫైనలియర్ పిల్లలు తమ మంజూరు పత్రాలు తెచ్చి ఫస్టియర్ పిల్లల ముందు పరవండి. ఎక్కడ అడిగారో, ఎక్కడ అడగక నష్టపోయారో చెప్పండి. క్రికెట్ స్కోరు పెట్టే వాట్సాప్ గ్రూపులో దరఖాస్తు గడువు కూడా పెట్టండి. ఊరికి వెళ్లినప్పుడు, ప్రోనోటు రాయబోతున్న పక్కింటి బాబాయి దగ్గర ఐదు నిమిషాలు కూర్చోండి.

ఇక ఆ బల్ల ముందుకు వెళ్లు. "ఇక్కడ సంతకం" అన్నప్పుడు నాన్న చెయ్యి మెల్లగా ఆపు. "ఒక్క నిమిషం సార్" అను. తీసుకునేది చదువు కోసం అప్పు. ముందు దాన్ని చదువు.