ఈతకు ఒక లెక్కల నోటుబుక్కు

ఈత పోటీలు ముగిసిన సాయంత్రం తల్లిదండ్రుల ఫోన్లలో ఒక పట్టిక తిరుగుతుంది. పేరు, బడి, టైమింగు, స్థానం. మావాడిది నాలుగో స్థానం, పక్కింటివాడిది రెండు. చర్చ అక్కడితో సరి. మర్నాడు పిల్లవాడు అదే కొలనులో అవే రౌండ్లు మళ్లీ కొడతాడు. ఎక్కడ వెనకబడ్డాడో వాడికీ తెలియదు, ఇంట్లోవాళ్లకూ తెలియదు.

ఉపాధ్యాయులకు ఈ తంతు పరిచితమే. మూల్యాంకనం రెండు విధాలని బీఈడీలో అందరం చదువుకున్నాం. నేర్చుకుంటూ ఉండగా చేసేది నిర్మాణాత్మకం, చివర మార్కులు వేసేది సంగ్రహణాత్మకం. ఈతలో మన పిల్లలకు రెండోది మాత్రమే అందుతోంది. మొదటిదానికి ఖరీదైన యంత్రాలు కావాలని చాలామంది అనుకుంటున్నారు. మొదలుపెట్టడానికి స్టాప్‌వాచ్, పెన్సిలు, గళ్ల నోటుబుక్కు చాలునని మా అభిప్రాయం.

మొత్తం టైమింగు ఎంత దాచిపెడుతుందో చూడాలంటే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో పురుషుల 100 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్ చూడాలి. మైఖేల్ ఫెల్ప్స్ 50.58 సెకన్లు, సెర్బియా ఈతగాడు మిలోరాడ్ చావిచ్ 50.59. తేడా సెకనులో నూరో వంతు. ఇప్పుడు ఇదే పోటీని రెండు యాభైలుగా విడదీయండి. మొదటి 50 మీటర్లు చావిచ్ 23.42లో ఈదాడు, ఫెల్ప్స్ 24.04లో. అప్పటికి ఫెల్ప్స్ ఏడో స్థానంలో ఉన్నాడు! తిరుగు ప్రయాణంలో ఫెల్ప్స్‌కు 26.54 పడితే, చావిచ్‌కు 27.17 పట్టింది. చివరి అంకె చూస్తే ఇద్దరూ కవలలు. విడగొట్టి చూస్తే ఒకరు ముందు ఖర్చు పెట్టారు, ఒకరు చివరికి మిగుల్చుకున్నారు. ఇద్దరికీ మర్నాడు ఇవ్వాల్సిన సాధన ఒకటే ఎలా అవుతుంది?

హోసూరు, కృష్ణగిరి వైపు మన పిల్లల్లో కొందరు నడుముకు సొరబుర్ర కట్టుకుని వ్యవసాయ బావుల్లో ఈత నేర్చినవాళ్లు. సెలవుల్లో బెంగళూరు కొలనులకు వెళ్తుంటారు. బావిలో నేర్చిన పిల్లకు నీటి భయం ఉండదు, దమ్ముంటుంది. కానీ గోడను తాకి, మలుపు తిరిగి, కాళ్లతో తన్ని వెనక్కి జారడం బావిలో ఎక్కడ నేర్చుకుంటుంది? మొత్తం టైమింగు చూసినవాళ్లు ‘వేగం లేదు’ అనేస్తారు. గోడకు ఐదు మీటర్ల దూరంలో గట్టు మీద ఒక చెప్పుల జత పెట్టండి. తల ఆ గుర్తు దాటి గోడవైపు వెళ్లినప్పుడు వాచీ నొక్కండి, తిరిగి అదే గుర్తు దాటినప్పుడు ఆపండి. లోపం చేతుల్లో ఉందో, మలుపులో ఉందో అంకె చెప్పేస్తుంది.

తర్వాత బారలు లెక్కపెట్టండి. ఇద్దరు పిల్లలు 50 మీటర్లు 40 సెకన్లలోనే ఈదారనుకుందాం. ఒకరు 50 బారలు వేశారు, మరొకరు 40. మొదటివారికి బారకు మీటరు సాగింది, రెండోవారికి మీటరుంబావు. (గోడను తన్ని జారిన దూరం తీసేస్తే లెక్క ఇంకా నిక్కచ్చిగా వస్తుంది.) బారకు సాగే దూరాన్ని సెకనుకు వేసే బారలతో గుణిస్తే వేగం. మొదటి పిల్ల నీటిని ఇంకా బాగా పట్టి లాగడం నేర్చుకోవాలి. రెండో పిల్ల పట్టు సడలకుండా బారలను కాస్త త్వరపెట్టి చూడొచ్చు. ఏడో తరగతి లెక్కల్లో ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

గణితం ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలంటే కెన్ ఒనో గురించి చెప్పుకోవాలి. ఈరోడ్‌లో పుట్టి కుంభకోణంలో పెరిగిన మన రామానుజన్ గణితం మీద జీవితమంతా పనిచేసిన అమెరికన్ ఆచార్యుడాయన. వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఈతగాళ్ల ఒంటికి చిన్న సెన్సర్లు కట్టించి, ప్రతి కదలికలో వేగం ఎక్కడ పెరుగుతోంది, ఎక్కడ తరుగుతోంది అని లెక్కగట్టారు. అక్కడి ఈతగత్తె కేట్ డగ్లస్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ స్వర్ణాన్ని 2 నిమిషాల 19.24 సెకన్లలో గెలిచింది. ఆమె ఈత ఒక్కటే కాదు, గణాంకశాస్త్రమూ చదివింది. ఆ పరిశోధన గురించి ఒనో బృందం రాసిన వ్యాసానికి ఆమె కూడా సహరచయిత్రి. మాకు సెన్సర్ల కంటే ఈ సంగతే ఎక్కువ నచ్చింది. తన అంకెలను తానే చదవగలిగిన పిల్లకు ‘ఇలా ఈదు’ అని చెప్పడం తేలిక. ‘ఎందుకు?’ అని అడగడం ఆమెకూ తేలిక.

అంకెలు హాని చేయవని కాదు. ఒక శిక్షణ కేంద్రంలో పిల్లల టైమింగులను ర్యాంకులవారీగా గోడకు అంటించారు. మా ఆరో తరగతి పాప అడుగున ఉంది. ఆమె అంకె 50 మీటర్ల కొలనుది, పైనున్న చాలామందివి 25 మీటర్ల కొలనువి. చిన్న కొలనులో మలుపులు ఎక్కువ, గోడను తన్నే అవకాశాలు ఎక్కువ, కాబట్టి టైమింగు తక్కువ పడుతుంది. ఆ రెంటినీ ఒకే వరుసలో పెట్టడం కుంచాన్నీ గజాన్నీ కలిపి కొలవడమే. పాప ఆ నెలాఖరుకే ఈత మానేసింది. ఇక చేతివాచీల సంగతి. ఇద్దరు కొలిస్తే పదో వంతు, రెండు పదో వంతుల తేడా మామూలే. అంత తేడా కోసం ఒకరోజు పిల్లను మెచ్చుకుని, మర్నాడు తిట్టడం ఏం న్యాయం? నెలరోజుల అంకెలను గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి గీత ఎటు పోతోందో చూడాలి. పన్నెండు, పదమూడేళ్లప్పుడు ఒళ్లు ఎదుగుతుంటే ఆ గీత కొన్నాళ్లు కదలకపోవచ్చు, వెనక్కీ రావచ్చు. అప్పుడు జట్టులోంచి తీసేయడం తొందరపాటు.

బరువు అంకెను మాత్రం ఏ బోర్డు మీదా, ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టనివ్వకండి. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో తల్లులు గట్టిగా అడగాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల డేటాకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టమే చెబుతోంది.

కోచ్‌లను మేము కోరేది ఒక్కటే: టైమింగుతో పాటు స్ప్లిట్లు కూడా ఇవ్వండి. బడిలో శనివారం ఒక పీరియడ్ మేం చూసుకుంటాం. తేదీ, కొలను పొడవు, మొదటి సగం, రెండో సగం, బారలు, మలుపు, ఆ రోజు ఒంట్లో ఎలా ఉంది అని ఏడు గడులు గీస్తే చాలు. గట్టు మీద కూర్చున్న అమ్మ తెలుగులోనే ఒకటి, రెండు అని బారలు లెక్కపెట్టవచ్చు. నోటుబుక్కు పిల్ల సంచిలోనే ఉంటుంది. చూడాలనుకున్నవాళ్లు, మేమైనా సరే, ఆమెను అడిగి చూడాలి.