తిని, తాగి, చూసి రావడానికేనా అంత దూరం?

మన ఖాందాన్‌లలో ఎవరైనా విదేశం పోయొచ్చారంటే మూడు కారణాలే ఉండాలి. నౌకరీ, ఉమ్రా, లేకపోతే అక్కడున్న కూతురి పురుడు. ఈ మూడూ కాకుండా ఊరికే తిరిగొచ్చామని చెప్పి చూడండి, ఎదుటివాళ్ల మొహంలో సవాల్ కనిపిస్తుంది. 2024 అక్టోబర్‌లో అమ్మీ, నేను, మా బేగమ్, ఇద్దరు పిల్లలు కలిసి ఎనిమిది రోజులు ఇస్తాంబుల్ పోయొచ్చాం. తర్వాత ఒక దావత్‌లో మా చిచ్చా అడగనే అడిగాడు, "గన్ని పైసలు పెట్టి పోయి ఏం చేసుకొచ్చినవ్ బేటా?" అని. "తిన్నం చిచ్చా, కాఫీ తాగినం, చూసినం" అన్నాను. ఆయన నవ్వి పక్కాయన వైపు చూశాడు. ఇస్రాఫ్ అనే మాట నోటితో అనలేదు గానీ ఆ చూపులో ఉంది.

ఆ మాట మీద నాకు చాలా రోజులుగా ఒక బహస్ ఉంది. ఇస్రాఫ్ అంటే దుబారా. తినండి, తాగండి, వృథా చేయకండి అన్న తాలీమ్ మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలుసు. అయితే ఆ మాటలో మొదటి రెండు ముక్కలు మర్చిపోయి మూడోది ఒక్కటే పట్టుకున్నాం. అదీ ఎక్కడ పట్టుకోవాలో అక్కడ కాదు. చిచ్చా ఆ మాట అన్న దావత్‌లోనే బిర్యానీ, పాయా, హలీమ్, రెండు రకాల మీఠా, పక్కన చైనీస్ కౌంటర్. సగం తిన్న ప్లేట్లు బల్లల మీద అట్లాగే ఉన్నాయి. అక్కడ ఎవరికీ ఇస్రాఫ్ గుర్తుకు రాలేదు. రెండేళ్లు చిట్టీ కట్టి, అప్పు లేకుండా, తల్లిని తీసుకుని పోయి ఒక షహర్ చూపిస్తే మాత్రం గుర్తొచ్చింది.

"ఆ పైసలతో అమ్మీని ఉమ్రా చేయించొచ్చు కదా" అన్నవాళ్లూ ఉన్నారు. ఉమ్రాకు పోయేవాళ్లను నేనెందుకు కాదంటాను? అబ్బా ఉన్నప్పుడే ఇద్దరూ హజ్ చేసొచ్చారు, అల్‌హందులిల్లాహ్. నేననేది ఒక్కటే. ఒక ఔరత్ అరవయ్యేడేళ్ల వయసులో ఇబాదత్ కోసం మాత్రమే ఇల్లు దాటాలని, తన శౌఖ్ కోసం దాటకూడదని ఎక్కడ రాసి ఉంది? భూమ్మీద తిరగమని, చూడమని, ఆలోచించమని ఖురాన్ ఎన్నోచోట్ల చెబుతుంది. ముసాఫిర్‌కు నమాజ్‌లో ఖస్ర్, రోజాలో రుఖ్సత్ ఇచ్చిన దీన్ మనది. సఫర్ అంటే ఏమిటో, అందులో ఎంత అలసట ఉంటుందో తెలిసిన దీన్.

ఇక అసలు సంగతికి వస్తాను. మన కుటుంబాల సఫర్‌లో ఒక చెడ్డ రివాజ్ ఉంది. రైస్ కుక్కర్. సోనా మసూరి బియ్యం, చింతపండు, కారప్పొడి, అల్లం వెల్లుల్లి ముద్ద, వీటన్నిటితో పాటు ఒక చిన్న రైస్ కుక్కర్. కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటారు. మగవాళ్లు పొద్దున లేచి బాల్కనీలో నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే ఆడవాళ్లు లోపల ఖిచిడీ ఎక్కిస్తుంటారు. సాయంత్రం తిరిగొచ్చాక మళ్లీ అదే. ఆ ఔరత్‌కు దుబాయ్ అయినా ఒకటే, దేవరకొండ అయినా ఒకటే. వంటగది కిటికీ మాత్రం మారింది. దీన్ని ఫ్యామిలీ ట్రిప్ అంటారా? మీరే చెప్పండి.

కుక్కర్ వద్దని మొదట అన్నది మా బేగమే. "నేను అక్కడ గిన్నె ముట్టుకోను" అని టికెట్లు తీసే ముందే షరతు పెట్టింది. అమ్మీకి ఫికర్ పట్టుకుంది. హలాల్ దొరుకుతుందో లేదో, పిల్లలు తింటారో లేదో అని. తుర్కీలో ఆ భయం తక్కువ. పంది మాంసం అరుదు, శరాబ్ అమ్మే హోటళ్లు ఉన్నాయి గనుక అవి చూసుకుని పక్కకు జరగాలి, అంతే. ఒక్క చోట మాత్రం ఇంట్లో మజ్లిస్ నడిచింది. రోడ్డు పక్కన ఆల్చిప్పల్లో మసాలా అన్నం కూరి, నిమ్మకాయ పిండి ఇస్తారు. వాళ్లలోనూ మనలాగే హనఫీలు ఎక్కువ. మన ఇళ్లలో రొయ్యల మీదే ఇప్పటికీ ఇత్తెఫాక్ కుదరదు, ఇక ఆల్చిప్పలా! అమ్మీ తల అడ్డంగా ఊపింది. ఎమినోను రేవు దగ్గర కాల్చిన చేపను రొట్టెలో పెట్టి, ఉల్లిపాయ వేసి ఇస్తుంటే అది తిన్నాం. ముల్లు తీస్తూ నిలబడి తిన్న ఆ చేప మజా ఇప్పటికీ నాలుక మీద ఉంది.

తుర్కీ నాష్తాను వాళ్లు కహ్వాల్తి అంటారు. అంటే కహ్వాకు ముందు తినేది అని. కాఫీ తాగాలంటే ముందు కడుపులో ఏదో ఒకటి ఉండాలి గనుక ఆ పేరు. ఏదో ఒకటి అంటే బల్ల మీద చోటు మిగలదు. నాలుగైదు రకాల పనీర్, ఆలివ్ కాయలు, టమాటా, కీరా, తేనె, మీగడ, అంజీర్ మురబ్బా, గుడ్లు, వేడి రొట్టె. అన్నీ చిన్న చిన్న గిన్నెల్లో. ఎవరి ప్లేటూ వాళ్ల ముందు పోగు కాదు, మన దస్తర్‌ఖాన్‌లాగే అందరూ మధ్యలోంచి తీసుకుంటారు.

మొదటి రోజు అమ్మీ కూర్చోలేదు. నిజంగానే కూర్చోలేదు. నిలబడి పిల్లలకు రొట్టె తుంచి పెట్టడం మొదలుపెట్టింది. నా ప్లేట్‌లో గుడ్డు వేసింది. వడ్డించే కుర్రవాడు కుర్చీ వెనక్కి లాగి, చేత్తో "కూర్చోండి" అన్నట్టు చూపించి, చాయ్ గ్లాసు ఆమె ముందే మొదట పెట్టాడు. అమ్మీ నా వైపు చూసింది, ఇజాజత్ అడుగుతున్నట్టు. నాకు నలభై రెండేళ్లు. అమ్మీ అందరికంటే ముందు ముద్ద నోట్లో పెట్టుకోవడం నేను అప్పటిదాకా చూసిన యాద్ లేదు. మన ఇళ్లలో అమ్మీలు ఎప్పుడు తింటారో ఎవరికి తెలుసు? గిన్నెలో అడుగంటింది, పిల్లలు వదిలేసింది, నిలబడి, వంటింట్లో. మూడో రోజుకు అమ్మీ మాకంటే ముందే కిందికి దిగి, మీగడ మీద తేనె పోసుకుని తింటోంది. ఎనిమిది రోజుల ఖర్చులో నాకు అన్నిటికంటే హలాల్‌గా అనిపించిన ఖర్చు ఇదే.

భాష గురించి భయపడ్డాం గానీ అమ్మీకి మాకంటే ఎక్కువ అర్థమైంది. చోర్బా అంటే షోర్బా అని, కియ్‌మా అంటే ఖీమా అని, కోఫ్తె అంటే కోఫ్తా అని, సెబ్‌జె అంటే సబ్జీ అని మెనూ మా అబ్బాయి చదువుతుంటే తనే తర్జుమా చేసేసింది. బిల్లును వాళ్లు హెసాప్ అంటారు. మన హిసాబే! సరే అనడానికి తమామ్. తినేటప్పుడు ఆఫియెత్ ఓల్సున్ అంటారు, మీకు ఆఫియత్ కలగాలని. ఒక్క మాట దగ్గర మాత్రం అమ్మీ ఆగిపోయింది. మనకు ముసాఫిర్ అంటే ప్రయాణం చేసేవాడు. అదే మాట తుర్కీలో మిసాఫిర్ అయి, మెహమాన్ అనే అర్థంలో ఉంది. "ముసాఫిర్ ఇంటికొస్తే మెహమానే కదా, ఇందులో ఏముంది" అంది అమ్మీ. నేను దాని మీద రాత్రంతా ఆలోచించాను.

ఇప్పుడు కాఫీ. తుర్కీ కాఫీ తాగే ముందే చక్కెర ఎంత కావాలో చెప్పాలి, తర్వాత కలపడానికి లేదు. చిన్న పిడి గిన్నెలో మెత్తటి పొడి, నీళ్లు, చక్కెర కలిపి సన్నటి సెగ మీద నురగ లేచేదాకా కాచి, వడకట్టకుండానే పోస్తారు. పక్కన ఒక గ్లాసు నీళ్లు, ఒక ముక్క లోకుమ్. మడ్డి అడుగుకు దిగేదాకా ఆగి, పైన ఉన్నది గుక్క గుక్కగా తాగి, అడుగున వదిలేయాలి. మా అమ్మాయి అడుగుదాకా తాగేసి మొహం అష్టవంకర్లు తిప్పింది. అమ్మీ ఫత్వా ఇచ్చేసింది, "దవాయీ లెక్కున్నది, మన ఇరానీ చాయే మంచిగుంటది." నేను మాత్రం రోజుకు రెండు తాగాను.

ఆ కప్పులో మనదీ కొంత ఉంది. యమన్‌లో సూఫీలు రాత్రి జిక్ర్‌లో నిద్ర రాకుండా కహ్వా తాగేవారు. అక్కడి నుంచి మక్కా, ఖాహిరా దాటి ఇస్తాంబుల్ చేరింది. 1550ల నడుమ ఇద్దరు షామ్ దేశపు మనుషులు, హలబ్ నుంచి ఒకరు, దిమిష్క్ నుంచి ఒకరు, ఈ షహర్‌లో మొదటి కహ్వాఖానాలు తెరిచారని వాళ్ల తారీఖ్‌కారులు రాశారు. జనం కూర్చుని మాట్లాడుకుంటున్నారంటే గద్దె మీదున్నవాడికి నిద్ర పట్టదు కదా. 1511లో మక్కాలో కాఫీని ఆపారు. 1633లో సుల్తాన్ నాలుగో మురాద్ కహ్వాఖానాలే మూయించాడు. హరామ్ అన్నవాళ్లు, దుబారా అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. ఎవరూ మానలేదు. అదే యమన్ నుంచి బాబా బుడన్ అనే బుజుర్గ్ ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటారని చెబుతారు. ఆ కొండలను ఇప్పటికీ బాబా బుడన్‌గిరి అనే అంటారు. పొద్దున్నే ఇత్తడి ఫిల్టర్‌లో కాఫీ దించుకునే మన పక్కింటివాళ్లకు ఈ సంగతి ఎప్పుడైనా చెప్పండి, మొహమాటం లేకుండా. ఒక కప్పు కాఫీకి నలభై ఏళ్ల హతిర్ ఉంటుందని తుర్కీలో సామెత. హతిర్ అంటే మన ఖాతిర్.

చూడటం గురించి కూడా ఒక మాట. మన టూర్ ప్యాకేజీలు రోజుకు ఏడు జాగాలు చూపిస్తాయి. దిగడం, ఫొటో, ఎక్కడం. మేం రోజుకు ఒక్క జాగా పెట్టుకున్నాం. సుల్తాన్ అహ్మద్ మస్జిద్ చూశాం, ఆరు మీనార్లు, లోపల నీలం పలకలు, బయట క్యూలు. అయా సోఫియా 537లో చర్చిగా కట్టింది, 1453లో మస్జిద్ అయింది, 1930లలో మ్యూజియం, 2020 నుంచి మళ్లీ మస్జిద్. 2024లో పర్యాటకులు 25 యూరోల టికెట్‌తో పై అంతస్తుకు పోయేవారు, నమాజుకు వచ్చేవాళ్లకు కింద టికెట్ లేదు. తోవ అడగాలంటే తోసుకోవాలి. బజారులో మాకు పెద్ద మజా రాలేదు, ధర చెప్పడం, సగానికి అడగడం, మన చార్మినార్ దగ్గర చాలు. పెద్ద కట్టడాల ముందున్న హోటళ్లలో మెనూ మీద ధర లేకపోతే కూర్చోకండి. రెండు గల్లీలు లోపలికి పోతే షహర్ మనుషులు తినే చోట్లు ఉంటాయి.

మేం ఎక్కువసేపు ఉన్నది సులేమానియాలో. 1550లో మొదలుపెట్టి 1557లో పూర్తి చేశాడు మిమార్ సినాన్. వందల దీపాల మసి ఒకచోట చేరేలా గాలి తోవలు పెట్టి, ఆ మసితో సిరా చేసేవారట. కానీ నాకు గుర్తున్నది సినాన్ పనితనం కాదు. జొహర్ వేళ అమ్మీ, బేగమ్ కాళ్లు కడుక్కుని, ఎవరినీ అడక్కుండా లోపలికి నడిచి, ఔరత్‌ల జాగాలో నిలబడ్డారు. నల్గొండలో మా మొహల్లా మస్జిద్ గోడ అవతలే అమ్మీ నలభై ఏళ్లుగా ఉంటోంది. అజాన్ వింటుంది. లోపల సఫ్ ఎట్లా ఉంటుందో చూడలేదు, ఎందుకంటే అక్కడ ఆమెకు జాగా లేదు. మా కమిటీవాళ్లు మంచివాళ్లే, జాగా గురించి అడిగితే "ఇన్షా అల్లాహ్, చూద్దాం" అంటారు. వచ్చాక నేను మళ్లీ అడిగాను. అడుగుతూనే ఉంటాను. నమాజ్ అయ్యాక మస్జిద్ ఎదురుగా వరసగా ఉన్న చిన్న హోటళ్లలో తెల్ల చిక్కుడు గింజల కూర, పులావ్, మజ్జిగలాంటి అయ్‌రాన్. రాజాలు తినే ఖానా కాదు, కూలీలు తినే ఖానా. పిల్లలు రెండోసారి అడిగి తిన్నారు.

చివరి సాయంత్రం ఎమినోను నుంచి ఉస్కుదార్‌కు పడవ ఎక్కాం. టూరిస్టు పడవ కాదు, ఆఫీసుల నుంచి ఇంటికి పోయేవాళ్లు ఎక్కే మామూలు పడవ, బస్సు కార్డే చెల్లుతుంది. పిల్లలు నువ్వుల రింగు రొట్టె తుంచి సముద్రపు పిట్టలకు విసురుతున్నారు. దూరంగా ఐరోపా ఒడ్డున దోల్మాబాహ్చె మహల్ కనిపించింది. 1924 మార్చిలో ఖిలాఫత్ రద్దయినప్పుడు ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ను కుటుంబంతో సహా పంపించేసింది అక్కడి నుంచే. ఆయన కూతురు దుర్రె షహ్వార్, బంధువు నీలోఫర్, ఇద్దరూ ఈ షహర్‌లోనే పుట్టారు. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో నిజాం కొడుకులు ఇద్దరితో నికాహ్ అయి హైదరాబాద్ వచ్చారు. ఇదంతా నేను పిల్లలకు చెబుతున్నాను, వాళ్లు పిట్టల్ని చూస్తున్నారు.

అమ్మీ వింది. "నీలోఫర్ అంటే? దవాఖానా నీలోఫరా?" అంది. అవునన్నాను. తన దగ్గర పనిచేసే మనిషి పురిట్లో చనిపోతే, తల్లులకూ పిల్లలకూ దవాఖానా ఉండాలని పట్టుబట్టిందంటారని చెప్పాను. అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. మా చెల్లెలు కడుపులో అడ్డం తిరిగితే నల్గొండ నుంచి రాత్రికి రాత్రి జీపులో తీసుకుపోయింది నీలోఫర్‌కే. ఇద్దరూ బతకరన్నారట. ఈ కథ మాకు తెలుసు. కానీ ఆ రాత్రి జీపులో తను ఏం అనుకుందో అమ్మీ మాకెప్పుడూ చెప్పలేదు. అప్పుడు చెప్పింది, గాలికి దుపట్టా పట్టుకుని, మెల్లగా, బేగమ్‌కు ఎక్కువ, నాకు తక్కువ. అవి ఇక్కడ రాయను, అవి ఆమెవి.

పడవ ఆగాక ఉస్కుదార్ ఒడ్డున కూర్చుని చాయ్ తెప్పించుకున్నాం. నడుము సన్నగా ఉండే గ్లాసుల్లో, పాలు లేకుండా. అమ్మీ రెండు చక్కెర ముక్కలు వేసుకుని, చేత్తో గ్లాసు అంచు పట్టుకుని, మహల్ వైపు చూస్తూ తాగింది. కుర్రవాడు వచ్చి ఇంకొకటి కావాలా అన్నట్టు వేలు చూపిస్తే, మా ఎవరి వైపూ చూడకుండా తల ఊపింది.