పళ్ళ డాక్టరుకు సైనిక దుస్తులు: నిర్ణయం ఎవరిది?

ఇటీవల ఒక సన్నిహితుల ఇంట జరిగిన చర్చకు నేను సాక్షిని. ఆ ఇంటి పెద్దకొడుకు బీడీఎస్ పూర్తిచేసి, ఏడాది ఇంటర్న్‌షిప్ ముగించాడు. నీట్ ఎండీఎస్ పరీక్షలో మంచి స్కోరు సాధించాడు. ఆర్మీ డెంటల్ కోర్‌లో షార్ట్ సర్వీస్ కమిషన్‌కు దరఖాస్తు చేయనా అని తండ్రిని అడిగాడు. ఆయన నోరు విప్పేలోగానే ఇల్లు రెండు పక్షాలైంది. "అక్కడ మనల్ని అనుమానంగానే చూస్తారు, వద్దు" అన్నారు మామూ. "వెళ్ళు బేటా, మన దేశభక్తి ఏమిటో లోకానికి తెలుస్తుంది" అన్నారు బడే అబ్బా.

రెండు మాటలూ ప్రేమతో వచ్చినవే. అయినా రెండూ పొరపాటేనని నా అభిప్రాయం.

దేశభక్తికి రుజువు కావాలంటే అది ఏనాడో ఇవ్వబడింది. బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ 1948 జులై 3న ఝంగర్ వద్ద ప్రాణమిచ్చారు. అబ్దుల్ హమీద్ 1965లో ఖేమ్‌కరణ్ రణరంగంలో నేలకొరిగి పరమవీర చక్ర పొందారు. ఇవి చాలవనే వారిని ఒక పళ్ళ డాక్టరు సంతృప్తిపరచలేడు. నిందకు జవాబుగా ఎంచుకున్న ఉద్యోగం జీవితాంతం భారమే అవుతుంది.

ఇక భయం. అది నిరాధారమని నేననను. 2006లో సచార్ కమిటీ సైన్యంలో ముస్లింల సంఖ్య కోరినప్పుడు పెద్ద దుమారం రేగింది. ఆ లెక్కలు నివేదికలో చేరనేలేదు. అయితే అదే సైన్యంలో జమీరుద్దీన్ షా లెఫ్టినెంట్ జనరల్ హోదాకు ఎదిగి, ఉప సైన్యాధిపతిగా పనిచేశారు. తలుపు మూసి ఉందని ఊహించుకుని తట్టకుండానే వెనుదిరిగితే, మన హక్కును మనమే వదులుకున్నట్లు. 2007లో వచ్చిన 4 శాతం రిజర్వేషన్ వల్ల మన పిల్లలు ఎందరో వైద్య, దంతవైద్య కళాశాలల మెట్లెక్కారు. ఆ చదువు తెరిచే ప్రతి ద్వారమూ వారిదే.

అందువల్ల అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి.

మొదటిది మనస్సాక్షికి సంబంధించినది. 1941లో ఏర్పడిన ఈ విభాగం పని వైద్యమే: జవాన్ల పళ్ళు, తూటాలకు ఛిద్రమైన దవడలు. 1949 నాటి జెనీవా ఒప్పందాల ప్రకారం గాయపడిన శత్రువుకూ భేదం చూపక చికిత్స చేయాలి. అయినా అది సైన్యమే. ఆజ్ఞకు లోబడాలి, పంపిన చోటికి వెళ్ళాలి. దీనికి మనసు అంగీకరిస్తుందా?

రెండవది గడ్డం. వాయుసేనలోని ఒక ముస్లిం ఉద్యోగి కేసులో 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు గడ్డంపై నిషేధాన్ని సమర్థించింది. గడ్డాన్ని వదులుకోలేని యువకుడు దరఖాస్తుకు ముందే ఈ సంగతి తేల్చుకోవాలి. వెళ్ళనంత మాత్రాన అతడు పిరికివాడు కాడు, దేశద్రోహి అంతకన్నా కాడు.

మూడవది బతుకుతెరువు. కెప్టెన్ హోదాతో మొదలయ్యే ఈ కొలువు మొదట 5 ఏళ్ళు. పొడిగింపులతో 14 ఏళ్ళ వరకు. ఆఫీసరుకు పింఛను రావాలంటే మామూలుగా 20 ఏళ్ళ సర్వీసు ఉండాలి. పర్మనెంట్ కమిషన్ దొరకకపోతే నడివయసులో మళ్ళీ క్లినిక్ తెరవాలి. ఈ లెక్క ఇంట్లో అందరూ కూర్చుని వేసుకోవాలి.

కూతుళ్ళనూ ఈ చర్చకు దూరంగా ఉంచకండి. ఇదే డెంటల్ కోర్‌లో స్త్రీలకు నామమాత్రంగా పోస్టులు కేటాయించడాన్ని 2023లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఆ న్యాయం మన ఆడపిల్లలకూ చెందుతుంది.

మన సంఘాలకు ఒక మనవి. ఉపన్యాసాలకు తోడు, నోటిఫికేషన్ల సమాచారాన్ని మస్జిద్ బోర్డు మీదికి చేర్చండి. ఇంటర్వ్యూకు శిక్షణ ఇప్పించండి. ఏ విభాగంలో మనవారెందరో వెల్లడించమని ప్రభుత్వాన్ని అడుగుతూనే ఉండండి.

ఆ అబ్బాయి ఇంకా దరఖాస్తు నింపలేదు. చివరకు తండ్రి అతనితో అన్నది ఒక్కటే మాట: "ఇస్తిఖారా చేసుకో, లెక్క వేసుకో, ఆపై నీ ఇష్టం." వెళ్ళినా, ఆగినా అతడు ఈ దేశ పౌరుడే, మన బిడ్డే.